ఆయన కొలతకు కట్టిన కారు

2005 మార్చి 12, శనివారం, ఉదయం పది గంటలకు న్యూజీలాండ్‌లో, లోవర్ హట్‌లోని మా ఇంటి ముందు ఒక ట్రక్కు ఆగింది. అందులోంచి ఒక ఇనుప చట్రం, కొన్ని చెక్క పెట్టెలు, పాత దుప్పట్లలో చుట్టిన ఫైబర్ భాగాలు దిగాయి. వాటన్నిటినీ వరసగా బిగించుకుంటూ పోతే, ఒకప్పటి ఇంగ్లీషు స్పోర్ట్స్ కారుకు నకలు తయారవుతుందని మా వారు చెప్పారు. దానికి తలుపులుండవు, పైకప్పు ఉండదు, ఇద్దరికి మించి చోటుండదు. అటువంటి కారు ఒకటి నడపాలని ఆయనకు కాలేజీ రోజుల నుంచి కోరిక. ఆయన దానిని తన కోసమే కొనుక్కున్నారు. ఆ విషయంలో మా ఇద్దరికీ ఏ సందేహమూ లేదు.

సామాను దించుతున్నంతసేపూ నేను వంటింటికీ గరాజ్‌కూ మధ్యనున్న గుమ్మంలోనే నిలబడ్డాను. లోపలికి అడుగు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో చెప్పాలంటే అంతకు ముందు చలికాలం సంగతి చెప్పాలి.

కొండ అవతల వైనుయోమాటాలో ఉన్న స్నేహితురాలి ఇంట్లో భోజనం చేసి, వానలో ఒక్కదాన్నే కొండ దిగి వస్తున్నాను. మలుపులో ఎదురుగా వచ్చిన బండి జారి గీత దాటింది. దెబ్బ పెద్దదేమీ కాదు. భుజం ఎముక విరిగింది, అతుక్కుంది. కానీ నా కారు తలుపులు బిగుసుకుపోయాయి. అగ్నిమాపక సిబ్బంది వచ్చి యంత్రంతో ఇనుమును కోసి నన్ను బయటకు తీశారు. వారు వచ్చేదాకా ఆ పెట్టెలో కూర్చుని, నా చుట్టూ ఉన్న వస్తువు ఏమిటో, ఎలా చేశారో, ఎక్కడ తెరుచుకుంటుందో నాకేమీ తెలియదని పదే పదే అనుకోవడం నాకు గుర్తుంది. ఎముక కన్నా ఆ ఆలోచన లోతుగా దిగింది.

ఆ తరువాత నేను స్టీరింగ్ ముట్టుకోలేదు. ఉద్యోగానికి రైల్లో వెల్లింగ్టన్ వెళ్ళి వచ్చేదాన్ని. తక్కిన ఏ ప్రయాణమైనా ఆయన నడపవలసిందే. నేను వెనక సీట్లో, ఆయన వెనకాల, కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని. మా అమ్మాయిని బడికి పక్క వీధి ఆంటీ తన పిల్లలతో పాటు తీసుకువెళ్ళేది. ఇదంతా కొన్నాళ్ళేనని అందరమూ అనుకున్నాం. కొన్నాళ్ళు గడిచాయి. అందరూ ఆ మాట ఎత్తడం మానేశారు.

ఈ సంగతి నాకు ఎందుకంత బరువైనదో వివరించడం అవసరం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మా అమ్మ తెనాలిలో జాకెట్లు కుడుతుంది. కుట్టు మిషను తప్ప ఇంకే యంత్రాన్నీ ఆమె తన చేత్తో నడిపి ఎరగదు. ఎక్కడికి వెళ్ళినా నాన్న సైకిలు వెనకే. నేను న్యూజీలాండ్‌లో లైసెన్సు తెచ్చుకున్నానని చెప్పిన రోజు ఆమె ఆ వార్తను వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పింది. చదువు సంగతి కూడా ఆమె అంత మందికి చెప్పుకోలేదు. నడపడం మానేశానన్న మాట ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ట్రక్కులోంచి కారు సామాను దిగిన కొద్ది వారాలకు మా అమ్మాయి స్నేహితురాలు ఒకతె మాతో పాటు బజారుకు వచ్చింది. ఆ పిల్ల వెనక సీట్లో ఎడమవైపున కూర్చుంది. మా అమ్మాయికి అప్పటికి ఆరేళ్ళు. తను ఇంగ్లీషులో, చాలా మర్యాదగా, ఆ పిల్లకు నియమం వివరించింది. డాడ్ నడుపుతాడట. పక్క సీట్లో సరుకుల సంచులు పెడతారట. కుడివైపు అమ్మ సీటు, ఎడమవైపు తనది, కాబట్టి ఈ పూట నువ్వు మధ్యలో కూర్చో అంది. తన గొంతులో దిగులేమీ లేదు. ప్రపంచం అలాగే ఉంటుందని తను అనుకుంటోంది. ఆ రోజు మొదటిసారిగా నేను కళ్ళు మూసుకోకుండా ఇంటిదాకా వచ్చాను, అదీ కోపంతో.

ఇంతలో గరాజ్‌లో పని ముందుకు సాగడం లేదు. మా వారు సాఫ్ట్‌వేర్ మనిషి. ఆయన ఆ విడిభాగాల కిట్‌తో వచ్చిన పుస్తకాన్ని అవసరమైన చోట తెరిచి, అవసరమైనంత చదివి, పనిలోకి దిగుతారు. ఒక శనివారం మధ్యాహ్నం టీ ఇవ్వడానికి గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన అరచేతిలో కొన్ని వాషర్లు చూపించారు.

"చూడు, పాపం మంచివాళ్ళు. వాషర్లు ఎక్స్‌ట్రా పంపించారు."

"ఎక్స్‌ట్రా కాదండీ. మీరు పెట్టలేదు."

"నీకెలా తెలుసు?"

తెలియదు. కానీ ఎవరూ వాషర్లు ఊరికే పంపించరు. టీ కప్పు బల్ల మీద పెట్టి పుస్తకం అడిగి తీసుకున్నాను. మొదటి పేజీ నుంచి చదవడం నా అలవాటు. ఇంట్లో అడగడానికి ఎవరూ లేని చదువు నాది. ముందుమాట, అనుబంధం, కింద చిన్న అక్షరాల్లో ఉన్న గమనికలు, అన్నీ చదివితే గానీ నాకు ధైర్యం వచ్చేది కాదు. ఆ సాయంత్రం ఆ పుస్తకాన్ని కూడా అలాగే చదివాను. మరుసటి వారం ఆయన బిగించిన ముందు చక్రాల అమరికను ఇద్దరం కలిసి విప్పాం. వాషర్లన్నిటికీ చోటు దొరికింది. గుమ్మం దాటానని ఆ పని అయ్యాక గమనించాను. ఆయన ముందే గమనించినట్టున్నారు. ఒక స్పానర్ తుడిచి నా చేతికిచ్చారు.

అప్పటి నుంచి అది మా ఇద్దరి పని, క్రమంగా నా పని అయింది. నేను చేయగలగడానికి ఒక్కటే కారణం. ఆ బండికి తలుపులు లేవు. ఏ వైపునుంచైనా చేయి చాచవచ్చు. ఎక్కడ నిలబడినా లోపలున్నదంతా కనబడుతుంది.

ఇంజను కోసం లోయలో పాత కార్లను విడగొట్టే యార్డుకు వెళ్ళవలసి వచ్చింది. ఆయన తనే వెళ్ళివస్తానన్నారు. నేనూ వస్తానన్నాను. అక్కడ బురదలో, వరసలు వరసలుగా కార్లు. చివర ఒక తెల్ల కారుకు పైకప్పు లేదు. పైకప్పును మోసే స్తంభాలను మధ్యకు కోసి, పైభాగాన్ని డబ్బా మూతలా లేపేసినట్టుంది. నేను ఆగిపోయాను. యార్డు మనిషి నా చూపును గమనించి, భయపడవద్దని, అందులో ఎవరికీ ఏమీ కాలేదని, అగ్నిమాపక సిబ్బంది కోత నేర్చుకోవడానికి తామే పాత కార్లు ఇస్తుంటామని చెప్పాడు. దగ్గరికి వెళ్ళి చూశాను. కోత అంచుల్లో లోపలి పొరలు కనబడుతున్నాయి. ఇనుము మధ్య ఖాళీ, ఆ ఖాళీలో ఒక వైరు. నా కారును కూడా ఈ స్తంభాల దగ్గరే కోసి ఉంటారు. వేలితో ఆ అంచును తాకాను. మా వారు ఇంజను బేరం వదిలేసి వచ్చి, నేను చెయ్యి తీసేవరకు పక్కన నిలబడ్డారు. ఆ రోజు నా మనసు తేలికపడలేదు. కానీ నన్ను బయటకు తీసిన రోజు విన్న ఆ కోత శబ్దానికి ఒక రూపం దొరికింది.

తరువాతి ఘట్టం కొలతలు. ఇటువంటి కారులో సీటు ముందుకూ వెనక్కూ జరగదు. నడిపేవారి కాళ్ళ పొడవును బట్టి సీటునూ, బ్రేకు, క్లచ్, యాక్సిలరేటర్ పెడళ్ళనూ ఒక చోట శాశ్వతంగా బిగించాలి. అది అయ్యాకే అడుగు రేకు రివెట్లతో మూయాలి. పుస్తకం ఈ పనిని నడిపేవారు దగ్గరుండగా చేయమంది. నేను మా వారిని చట్రంలో ఒక చెక్క పెట్టె మీద కూర్చోబెట్టి, కాళ్ళు చాపించి, మడమల దగ్గర సుద్దముక్కతో గీత గీశాను. జాకెట్టుకు కొలత తీసేటప్పుడు అమ్మ చేసినట్టే, ఒకటికి రెండుసార్లు టేపు పెట్టి చూశాను. ఆయన దాదాపు ఆరడుగుల మనిషి. నేను ఐదడుగులకు కొంచెం తక్కువ. మా వైపు ఇల్లు కట్టేటప్పుడు కూడా ఆయం చూసేది ఇంటి యజమాని పేరు మీదే. ఎవరి కొలత తీసుకోవాలన్న ప్రశ్న నాకు గానీ ఆయనకు గానీ తట్టనైనా తట్టలేదు.

ఆ వారం అమ్మకు ఫోన్ చేసినప్పుడు ఆమెకు వార్త అప్పటికే చేరింది.

"ఏమే, కారు కుడుతున్నావంట. అల్లుడుగారు చెప్పారు."

"కుట్టడం కాదమ్మా, బిగించడం."

"ఏదైతేనేం. కొలత ఎవరిది?"

"ఆయనది. కారు ఆయనదే కదా."

"కొలతకి కత్తిరించేశావా?"

పెడళ్ళను బిగించే ఇనుప పట్టీలు, సీటు కింది పట్టీలు కిట్‌లో కావలసిన దానికన్నా పొడుగ్గా వస్తాయి. కొలత తేలాక మిగిలిన ముక్కను కోసేయమని పుస్తకం చెబుతోంది. ఆ మాటే ఆమెకు చెప్పాను.

"కొయ్యకు. లోపల వదిలెయ్. రేపు ఎవరు తొడుక్కుంటారో నీకేం తెలుసు? ఉండు, గిరాకీ వచ్చింది."

ఆమె కుట్టిన ప్రతి జాకెట్టులోనూ లోపల రెండు వేళ్ళ బట్ట మిగిలే ఉంటుంది. కూతురికిచ్చినా, చెల్లెలికిచ్చినా, ఒళ్ళు వచ్చినా, తగ్గినా, కుట్లు విప్పి మళ్ళీ వేసుకోవచ్చు. కొత్త బట్టను అంచు దాకా కత్తిరించడం ఆమె దృష్టిలో పని తెలియనివారు చేసే పని. నాకు ఆమె మాటలో తర్కమేమీ కనబడలేదు. అయినా రంపం పట్టుకున్నాక చెయ్యి ముందుకు వెళ్ళలేదు. పట్టీలను అలాగే ఉంచి, మిగిలిన పొడవు కింద కూడా బలం కోసం రేకు వేసి మూశాను. ఆ పట్టీ అంచు తన మడమకు తగులుతోందని మా వారు చాలా రోజులు సణిగారు. తెనాలి ఫ్యాషన్ అని సరిపెట్టుకోమన్నాను.

ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ అలా పనిలో గడిచాయి. బ్రేకు గొట్టాలను నేనే వంచాను. మొదట వంచినవి పారేసి మళ్ళీ వంచాను. వైర్లకు రంగుల వారీగా చీటీలు కట్టాను. ఆదివారాలు చలిగా ఉండేవి. లోయలోంచి వీచే గాలి గరాజ్ తలుపు కిందనుంచి వచ్చి, నేల మీద పరిచిన అట్టముక్కల్ని కదిపేది. వీపు ఆనించి పడుకుని కారు కింద పని చేస్తున్నప్పుడు, పైన ఇనుము ముఖానికి చాలా దగ్గరగా ఉండేది. భయం వేసేది. అయితే అది ఏ ఇనుమో నాకు తెలుసు. పేరు పేరునా తెలుసు. ఇంజను మొదటిసారి మోగినప్పుడు మా అమ్మాయి చెవులు మూసుకుని నవ్వింది. మా వారు తానే గరాజ్‌లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గరాజ్‌లోకి నడిపారు. నేను గోడ పక్కన నిలబడి చూశాను. ఇన్నాళ్ళూ అందులో పని చేసిన నేను ఒక్కసారైనా దానిలో డ్రైవర్ చోట కూర్చోలేదు. కూర్చోవలసిన పని ఎప్పుడూ పడలేదని చెప్పుకున్నాను.

ఇంట్లో కట్టిన కారును రోడ్డు మీదికి తేవాలంటే ప్రత్యేకంగా అర్హత ఉన్న తనిఖీదారు వచ్చి చూసి సంతకం చేయాలి. ఆయన 2006 చివరలో, ఇక్కడి వేసవి మొదట్లో వచ్చాడు. నెరిసిన గడ్డం, మోకాళ్ళకు తోలు పట్టీలు. తక్కువ మాట్లాడతాడు. ఒక్కొక్క బోల్టునూ చూసుకుంటూ వెళ్ళాడు. ఇదంతా ఎవరు చేశారని అడిగితే మా వారు నన్ను చూపించి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. ఆ టీ పెట్టడంలో గర్వం ఉందని నాకు తెలుసు.

తనిఖీదారు వెనక చక్రాల దగ్గర కూర్చుని, బ్రేకు పట్టు చూడాలి, ఎక్కి గట్టిగా తొక్కండి అన్నాడు. అది పనిలో భాగం. నేను ఆలోచించలేదు. పక్క రేకు మీదుగా కాలు వేసి, లోపలికి దిగి, సీట్లో కూర్చుని, కాలు చాపాను.

కాలికి ఏమీ తగలలేదు.

ఇంకొంచెం కిందికి జారాను. బొటనవేలి కొన ఏదో అంచును తాకినట్టయింది. స్టీరింగ్ నా కళ్ళ ముందుకు వచ్చింది. రోడ్డు చూడవలసిన చోట నాకు డాష్‌బోర్డు కనబడుతోంది.

"తొక్కుతున్నారా?" అని వెనకనుంచి అడిగాడు.

"లేదు. అందడం లేదు."

ఆయన లేచి ముందుకు వచ్చి చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఈ కారు ఎవరి కోసం కట్టారని అడిగాడు. నా భర్త కోసం అన్నాను. కట్టింది మీరే కదా అన్నాడు. అవునన్నాను. ఆయన తల ఊపి, సరే, అతన్ని పిలవండి, అతనే తొక్కుతాడు, ఇబ్బంది లేదు అన్నాడు. నిజమే, ఇబ్బంది లేదు. కారు బాగానే ఉంది. ఆ రోజే సంతకం అయిపోతుంది. మా వారు ఆదివారాలు నడుపుతారు. నేను పక్కన కూర్చుంటాను, లేదా కూర్చోను. నా జీవితంలో ఏదీ మారనవసరం లేదు.

అక్కడ అలా కాళ్ళు గాలిలో పెట్టుకుని కూర్చున్నప్పుడు నాకు స్పష్టంగా అర్థమైంది. ఏడాదిన్నర పాటు ప్రతి గొట్టాన్నీ, ప్రతి నట్టునూ తెలుసుకుంటూ, నేను ఎన్నటికీ నడపలేని కారును నా చేతులతోనే కట్టుకున్నాను. అది అనుకుని చేసింది కాదు. కానీ నా భయానికి అంతకన్నా మంచి ఏర్పాటు ఎవరూ చేయలేరు.

మా వారు టీ పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చారు. నేను సీట్లోంచే తనిఖీదారుతో, ఈ రోజు సంతకం చేయవద్దని, పెడళ్ళనూ సీటునూ ఒకదానికొకటి దగ్గరగా జరుపుతానని, ఆ తరువాత మళ్ళీ వచ్చి చూడమని చెప్పాను. ఆయన వంగి, కింద కోయకుండా ఉన్న పట్టీలనూ, వాటి కింద బలం కోసం వేసిన రేకునూ చేత్తో తడిమి చూశాడు. ఇది ముందే అనుకున్నారా అన్నాడు. మా అమ్మ అనుకుందన్నాను. మళ్ళీ వచ్చేటప్పుడు ఫోన్ చేసి వస్తానన్నాడు. టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక మా వారు ఖాళీ కప్పులను పళ్ళెంలో సర్దుకున్నారు.

"దగ్గరికి జరిపితే నేను పట్టను," అన్నారు.

"పట్టరు."

"అటూ ఇటూ మార్చుకోవడం కుదరదా?"

"కుదురుతుందండీ. ఒక్కో మార్పుకి మళ్ళీ రివెట్లు విప్పాలి. బ్రేకులు సరిచూడాలి."

ఆయన పళ్ళెం బల్ల మీద పెట్టి, కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. కాలేజీ రోజుల నుంచి ఉన్న కోరిక అది. ఆ సంగతి ఆయన గుర్తు చేయలేదు, నేనూ చేయలేదు. కానీ ఇద్దరి మధ్యా అది ఉంది.

"నువ్వు పుస్తకం మొదటి పేజీ తెరిచిన రోజే అనుకున్నాను, ఈ కారు నాకు దక్కదని," అన్నారు. తరువాత గొంతు తగ్గించి, "నడుపుతావా మరి? నడుపుతానంటేనే విప్పుదాం."

సాయంత్రం డ్రిల్లు తీసుకుని మొదటి రివెట్టు నేనే విప్పాను. అదే నా జవాబు.

ఈసారి చెక్క పెట్టె మీద నేను కూర్చున్నాను. ఆయన నా మడమల దగ్గర సుద్దగీత గీశారు. టేపు పెట్టడం ఆయనకు రాదు. వంకరగా పెట్టారు. మళ్ళీ పెట్టించాను.

ఎండాకాలం పూర్తి కాకముందే రెండో తనిఖీ జరిగింది, సంతకం అయింది. ఒక ఆదివారం ఉదయం, గాలి తక్కువగా ఉన్నప్పుడు, అమ్మాయిని పక్క వీధి ఆంటీ దగ్గర వదిలి బయలుదేరాం. మా వారు పక్క సీట్లో కూర్చున్నారు. పెటోనీ దాటి, సముద్రం అంచున ఈస్ట్‌బోర్న్ వైపు పోయే దారి పట్టాను. ఆ దారంతా మలుపులే. ఒక మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. నా చేతులు బిగుసుకున్నాయి. ఆ క్షణంలో నాకు ధైర్యం వచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. వచ్చింది ధైర్యం కాదు. కాలి కింద బ్రేకు ఉందనీ, ఆ బ్రేకునుంచి పోయే గొట్టాన్ని ఏ మలుపు దగ్గర ఎంత వంచానో నాకు తెలుసుననీ గుర్తొచ్చింది. తొక్కాను. బండి నెమ్మదించింది. బస్సు వెళ్ళిపోయింది.

డేస్ బే దగ్గర ఆపి, సముద్రం వైపు తిరిగి, చాలాసేపు కూర్చున్నాను. "ఇక్కడి నుంచి నేను నడపనా?" అని ఆయన అడిగారు. తరువాత తన మోకాళ్ళ వైపు, నా సీటు వైపు చూసి, తానే నవ్వారు. ఇద్దరం నవ్వాం. ఇంటికి నేనే నడిపాను.

ఆ తరువాత మారినవి ఇవి. కొన్ని వారాలకు మా మామూలు కారులో, అద్దాలు దించుకుని, అమ్మాయిని బడికి నేనే తీసుకువెళ్ళడం మొదలుపెట్టాను. తను నా పక్క సీట్లోని సంచులను వెనక్కి పెట్టి అక్కడ కూర్చుంది. వైనుయోమాటా కొండ దారిలో మరుసటి సంవత్సరం నడిపాను. అమ్మకు జరిగినదంతా ఫోన్‌లో చెప్పాను. ఆ స్పోర్ట్స్ కారు ఇప్పటికీ నా కొలతలోనే ఉంది. మా వారు దానిని వాకిలి దాటి ఇంతవరకూ నడపలేదు.